పాత సేబర్2కి కొత్త లైన్లు: ఒక పారాచూట్ డైరీ

అక్టోబర్ మొదటి వారం

సొంత మెయిన్ పారాచూట్ కొనాలని నిర్ణయించుకున్నాను. ఇన్నాళ్ళూ ఎలోయ్‌లో అద్దె గేర్‌తోనే దూకాను. ఎలోయ్ అరిజోనాలో ఫీనిక్స్‌కీ టూసాన్‌కీ మధ్య ఎడారిలో ఉన్న చిన్న ఊరు. ప్రపంచంలోని పెద్ద డ్రాప్‌జోన్లలో, అంటే విమానంలోంచి దూకే కేంద్రాల్లో, ఒకటి అక్కడుంది. నేనుండే చాండ్లర్ నుంచి కారులో గంట కూడా పట్టదు. అద్దె గేర్ బాగానే ఉంటుంది గానీ వారం వారం వేరే కానపీ, అంటే పారాచూట్ గుడ్డ రెక్క, చేతికొస్తుంది. ఒకదాని బ్రేక్ లైన్లు (రెక్క తోకను కిందికి లాగే తాళ్ళు) పొడుగ్గా ఉంటాయి, ఇంకోదానివి పొట్టిగా ఉంటాయి. నేల దగ్గరికొచ్చాక ఆ లైన్ల కొసన ఉండే పిడులను, అంటే రెండు టాగుల్స్‌నీ కిందికి లాగి వేగం చంపుకోవడాన్ని ఫ్లేర్ అంటారు. అది చేతులకు పట్టుబడాలంటే ఒకే కానపీ మీద మళ్ళీ మళ్ళీ దిగాలి.

ఈ రంగం తెలియనివాళ్ళకి రెండు మాటలు. స్కైడైవర్ వీపున ఉండే కంటెయినర్‌లో రెండు పారాచూట్లు ఉంటాయి, మెయిన్ ఒకటి, రిజర్వ్ ఒకటి. అమెరికాలో రిజర్వ్‌ని విమానయాన సంస్థ ఎఫ్ఏఏ సర్టిఫికెట్ ఉన్న రిగ్గరే (పారాచూట్లు ప్యాక్ చేసి, బాగుచేసే నిపుణులే) ప్యాక్ చేయాలి. 180 రోజులు దాటితే దాన్ని విప్పి, తనిఖీ చేసి, మళ్ళీ ప్యాక్ చేసి సీలు వేసేదాకా దూకకూడదు. మెయిన్‌ని మాత్రం దూకేవాళ్ళు తమకు తామే ప్యాక్ చేసుకోవచ్చు. రిజర్వ్ పని మొత్తం మా రిగ్గర్‌కి వదిలేశాను. ఇక్కడ రాసేదంతా మెయిన్ గురించే.

ముందు సైజు తేలాలి. ఇక్కడ కానపీలను చదరపు అడుగుల్లో కొలుస్తారు. మన బరువు, గేర్ బరువు కలిపి పౌండ్లలో తీసుకుని కానపీ వైశాల్యంతో భాగిస్తే వచ్చేది వింగ్ లోడింగ్. నేను 71 కిలోలు, అంటే 157 పౌండ్లు. గేర్, బట్టలు, హెల్మెట్ కలిసి ఇంకో 25. మొత్తం 182 పౌండ్లు. 190 చదరపు అడుగుల కానపీకి ఇది 0.96 అవుతుంది. 170కి 1.07, 150కి 1.21. తక్కువ అనుభవం ఉన్నవాళ్ళు 1.0 దగ్గరో, అంతకన్నా తక్కువలోనో ఉండాలని ఏ డ్రాప్‌జోన్‌లో అడిగినా చెబుతారు. కాబట్టి నాకు 190. మన లెక్కలో దాదాపు 21 చదరపు గజాల రెక్క.

టెంపీలో చదువుకుంటూ ఈ మధ్యే లైసెన్స్ తెచ్చుకున్న తెలుగు కుర్రాడు ఒకడు ప్యాకింగ్ షెడ్‌లో పక్కనే కూర్చుని ఈ లెక్క చూశాడు.

"అన్నా, 170 తీసుకోవచ్చు కదా? బ్యాగ్ చిన్నగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది."

బ్యాగ్ మోసేది విమానం దాకానే తమ్ముడూ, దాని కింద వేలాడేది నేల దాకా అన్నాను. కానపీ చిన్నదయ్యేకొద్దీ లైన్లు కూడా పొట్టి అవుతాయి. లైన్లు పొట్టిగా ఉంటే టాగుల్ అంతే లాగినా కానపీ ఇంకా చురుగ్గా తిరుగుతుంది, తిరిగేటప్పుడు ఎత్తు ఎక్కువ పోతుంది. అందుకే వింగ్ లోడింగ్ అంకె ఒకటే అయినా పెద్ద కానపీ, చిన్న కానపీ ఒకేలా ఎగరవు. అన్నీ కలిసొచ్చిన రోజున 170 కూడా నన్ను మెత్తగానే దింపుతుంది. గాలి మారి, ల్యాండింగ్ స్థలం అందక, ఎవరిదో పెరట్లో దిగాల్సి వచ్చే రోజున ఏది దింపుతుందో చూసి కొనాలి. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేను గట్టిగా పట్టుకున్న నియమం ఇదే.

అక్టోబర్ మూడో వారం

కానపీ తయారీ కంపెనీలు డెమో ఇస్తాయి. కొనేముందు దూకి చూడొచ్చు. నేను రెండు రకాలు తీసుకున్నాను. రెండూ ఫ్లోరిడాలోని డిలాండ్‌కు చెందిన పెర్ఫార్మెన్స్ డిజైన్స్ తయారీయే, రెండూ 190. ఒకటి స్పెక్టర్, ఇంకోటి సేబర్2.

స్పెక్టర్‌లో ఏడు గదులు ఉంటాయి, సేబర్2లో తొమ్మిది. గది అంటే ముందువైపు తెరిచి, వెనక మూసి ఉండే గుడ్డ గొట్టం. ఎదురుగాలి ముందునుంచి దూరి లోపలే నిలవడంతో గుడ్డ రెక్కలా బిగుసుకుంటుంది. ఏడు గదులది వెడల్పుకు తగ్గ పొడవు తక్కువ, కాస్త చదరంగా ఉంటుంది. అది మెత్తగా తెరుచుకుంటుంది, ఒంపులు తిరిగి ఇబ్బంది పెట్టడం తక్కువ, కాస్త నిటారుగా దిగుతుంది. తొమ్మిది గదులది రెక్క పొడుగు, గాలిలో ఎక్కువ దూరం జారుతుంది, ఫ్లేర్‌లో బలం ఎక్కువ.

స్పెక్టర్ తెరుచుకోవడం నాకు చాలా నచ్చింది. దిగడంలో మాత్రం సేబర్2 గెలిచింది. టాగుల్స్ సగం దాకా లాగగానే కానపీ నేలకు సమాంతరంగా సాగిపోతుంది. ఆ సాగుడు నాకు ఆలోచించుకునే సమయం ఇస్తుంది. సేబర్2 తెరుచుకునేటప్పుడు కొంచెం అటో ఇటో తిరుగుతుందని అందరూ చెప్పే మాట నిజమే. భుజాలు సమంగా ఉంచి, ఒంటికి బిగించిన పట్టీల్లో ఒక పక్కకు ఒరగకుండా ఉంటే చాలావరకు నిటారుగానే తెరుచుకుంటోంది.

గుడ్డ విషయం కూడా ఇక్కడే రాసుకోవాలి. పాతకాలపు మెయిన్లు ఎఫ్-111 రకం నైలాన్‌తో కుట్టేవారు. అది కొత్తగా ఉన్నప్పుడు గాలిని దాదాపు ఆపేస్తుంది, కొన్ని వందల జంపుల తర్వాత లీకవడం మొదలవుతుంది, ఫ్లేర్ నీరసపడుతుంది. ఇప్పటి మెయిన్లకు సిలికాన్ పూత పూసిన జీరో-పీ గుడ్డ వాడతారు. అది ఏళ్ళ తరబడి గాలిని వదలదు. అందుకే పాతది కొన్నా గుడ్డ బాగుండే అవకాశం ఉంది. ముందుగా అరిగిపోయేవి లైన్లు.

నవంబర్ రెండో వారం

పాత సేబర్2 190 ఒకటి దొరికింది. కొత్తదాని ధరలో సగానికన్నా తక్కువ. లైన్లు మొదటినుంచీ ఉన్నవేనని, క్యాక్టస్ దెబ్బ ఒకటి ఉందని అమ్మే అతను ముందే చెప్పాడు. డబ్బులిచ్చే ముందు కానపీని మా రిగ్గర్ దగ్గరికి పంపించాలని అడిగాను, ఒప్పుకున్నాడు. పాత గేర్ కొనేటప్పుడు ఇక్కడ ఇదే పద్ధతి. ఎవరైనా దీనికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయడమే మంచిది.

మా రిగ్గర్ మాస్టర్ రిగ్గర్. సీనియర్ రిగ్గర్ ప్యాకింగ్, చిన్న మరమ్మతులు చేయొచ్చు. పెద్ద మరమ్మతులు, మార్పులు మాస్టర్ రిగ్గర్ పని. పని జరిగినన్నాళ్ళూ ఆవిడ పక్కన కూర్చుని చూస్తాను, చెప్పింది చేస్తాను అని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. ఈ విద్య చేతినుంచి చేతికే వస్తుందని ఆవిడ నమ్మకం.

తనిఖీ సీలింగ్‌కు వేలాడదీసి మొదలైంది. ముందు తోక దగ్గర మధ్య గదిలో ఉండే లేబుల్ చూశారు. మోడల్, సైజు, సీరియల్ నంబర్, తయారైన తేదీ. ఆ సీరియల్ మీద సర్వీస్ బులెటిన్లు, అంటే కంపెనీ ఇచ్చే హెచ్చరికలు, ఏమైనా ఉన్నాయేమో వెతికారు. తర్వాత ఒక్కో గదిలోకీ తల దూర్చి లైటు పట్టుకుని చూశాం. పక్కటెముకల్లాంటి నిలువు గుడ్డలు, వాటికున్న గుండ్రటి కిటికీలు, వాటి అంచులు. పై గుడ్డ మధ్యలో బ్రైడిల్ (మెయిన్‌ని బయటికి లాగే పైలట్ చూట్ అనే చిన్న పారాచూట్‌ని కలిపే పట్టీ) కట్టే చోటు చుట్టూ కుట్లు. లైన్లు తగిలించే ట్యాబ్‌లన్నీ వేలితో లాగి చూశాం. రంగు వెలిసిన చోట గుడ్డను ప్రత్యేకంగా చూశారు. నైలాన్‌కి ఎండ శత్రువు, అరిజోనా ఎండ మరీనూ. ఇక్కడ దిగాక కానపీని ఎండలో పరిచి కబుర్లు చెప్పుకునేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

గుడ్డ గాలిని ఆపుతోందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఆవిడ దాన్ని పెదాలకు ఆనించి గాలి పీల్చి చూశారు. నేనూ చూశాను. ఊపిరి రాలేదు. గుడ్డ బాగుంది.

క్యాక్టస్ దెబ్బ కింది గుడ్డ మీద ఉంది. ఇక్కడి ఎడారిలో చోల్లా అనే ముళ్ళమొక్క ఉంటుంది. దాని ముల్లు గుచ్చుకుంటే తేలిగ్గా ఊడి రాదు, కానపీని లాగితే గుడ్డే చిరుగుతుంది. సూదిపోటు లాంటి రంధ్రాలు కొన్ని, వేలెడు పొడవున ఎల్ ఆకారంలో ఒక చిరుగు. దాని మీద ఎప్పుడో జిగురు టేపు వేశారు. ఎఫ్-111 గుడ్డ మీద ఆ టేపు చిన్న రంధ్రాలకు పనికొస్తుంది. జీరో-పీ గుడ్డ మీద సిలికాన్ పూత ఉంటుంది కాబట్టి జిగురు నిలవదు. అంచులు లేచి, ఇసుక పట్టి, పసుపు రంగుకు తిరిగింది.

నవంబర్ చివర

లైన్లు కొలిచాం. ఈ ప్రాజెక్టులో నాకు ఎక్కువ నేర్పిన రోజు ఇది.

కానపీకి ముందునుంచి వెనక్కి వరసగా ఏ, బీ, సీ, డీ అని నాలుగు వరసల లైన్లు ఉంటాయి. తోకకు బ్రేక్ లైన్లు. ఏ కన్నా బీ ఎంత పొడుగు, సీ ఎంత, డీ ఎంత అన్న తేడాయే కానపీ ఏ కోణంలో గాలిని కోస్తుందో నిర్ణయిస్తుంది. దీన్నే ట్రిమ్ అంటారు. కంపెనీ ప్రతి మోడల్‌కీ, ప్రతి సైజుకీ ట్రిమ్ చార్ట్ ఇస్తుంది. లైన్ల కింది కొసలను ఒక కొక్కేనికి తగిలించి, స్ప్రింగ్ త్రాసుతో అన్నింటినీ ఒకే బిగువున లాగి, ఒక్కోటీ కొలిచి, చార్ట్ పక్కన రాసుకున్నాం.

మధ్యలోని ఏ లైన్లు అర అంగుళం మాత్రమే కుదించుకుపోయాయి. అంచుల్లోనివి అంగుళంన్నర. బ్రేక్ లైన్లు ఎడమవైపు మూడున్నర అంగుళాలు, కుడివైపు నాలుగుకు పైగా.

కారణం వేడి. ఈ లైన్లు స్పెక్ట్రా అనే పాలిథిలిన్ దారం. సన్నగా ఉంటుంది, బలంగా ఉంటుంది, సాగదు. కానీ దాదాపు 147 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, అంతకన్నా చాలా ముందే ముడుచుకోవడం మొదలవుతుంది. కానపీ తెరుచుకునేటప్పుడు ఒక్కసారిగా విప్పారకుండా ఆపేది స్లైడర్. నాలుగు మూలలా లోహపు కన్నాలున్న చదరపు గుడ్డ అది. లైన్లన్నీ ఆ నాలుగు కన్నాల్లోంచే వస్తాయి. స్లైడర్ పైనుంచి కిందికి దూసుకొచ్చేటప్పుడు లోహం రాపిడికి దారం వేడెక్కుతుంది. అంచు లైన్లూ బ్రేక్ లైన్లూ ఆ లోహానికి గట్టిగా ఒరుసుకుంటాయి, మధ్య లైన్లు అంతగా ఒరుసుకోవు. అందుకే అన్నీ ఒకేలా ముడుచుకోవు. అన్నీ సమంగా ముడుచుకుంటే ఇంత ఇబ్బంది ఉండేది కాదు, ఆకారం చెడకుండా కొంచెం చిన్న కానపీలా ఎగిరేది. తేడాగా ముడుచుకోవడమే అసలు సమస్య. ఎడారి దుమ్ము దారంలోకి దూరి లోపల్నుంచి కోస్తుంది, అది వేరే బాధ.

బ్రేక్ లైన్ నాలుగు అంగుళాలు పొట్టి అయితే ఏమవుతుంది? టాగుల్స్ పూర్తిగా పైకి వదిలేసినా తోక కిందికి లాగబడే ఉంటుంది. అంటే కానపీ ఎప్పుడూ కాస్త బ్రేక్ వేసుకునే ఎగురుతుంది. ముందుకు వెళ్ళే వేగం తగ్గుతుంది. ఆ వేగమే ఫ్లేర్‌కి ఇంధనం, కాబట్టి ఫ్లేర్ బలహీనపడుతుంది. చేతులు ఇంకా కిందికి రాకముందే కానపీ స్టాల్ అయి, అంటే ఎగిరే పట్టు తప్పి, వెనక్కి పడుతుంది. కుడి, ఎడమ ఒకలా లేకపోతే చేతులు వదిలినా ఒక పక్కకే తిరుగుతూ ఉంటుంది. తెరుచుకోవడం కూడా దురుసుగా, వంకరగా అవుతుంది. ఇలాంటి కానపీ మీద దూకి "సేబర్2 మంచిది కాదు" అని తీర్మానించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఎగిరింది కంపెనీ గీసిన సేబర్2 మీద కాదు.

లైన్లు మార్చేదాకా దీన్ని ఎగరనివ్వను అని రిగ్గర్ చెప్పారు. ఆ లెక్క ధరలోంచి తగ్గించమని అడిగితే అమ్మే అతను కొలతల కాగితం చూసి తగ్గించాడు. కానపీ నాదైంది.

డిసెంబర్

ముందు అతుకు. పాత టేపు పీకి, జిగురు తుడిచి, చిరుగు చుట్టూ గుడ్డను చదరంగా కత్తిరించారు. ఈ గుడ్డలో మందపాటి దారాలు అడ్డంగా నిలువుగా చిన్న చిన్న గళ్ళుగా అల్లి ఉంటాయి. చిరుగు మొదలైతే ఆ గడి దగ్గర ఆగాలన్నది దాని ఉద్దేశం. అతుకు గుడ్డ గళ్ళు కానపీ గళ్ళతో ఒకే దిశలో ఉండాలి. దిశ తప్పితే బరువు పడ్డప్పుడు అతుకూ గుడ్డా వేరువేరుగా సాగి ముడత పడుతుంది.

చిరుగు ఒక కొస నిలువు కుట్టుకు బాగా దగ్గరగా ఉంది. అలాంటప్పుడు కుట్టు పక్కన అతుకు వేసి ఆపేస్తే అక్కడ బలహీనమైన సన్న పట్టీ మిగిలిపోతుంది. కాబట్టి కుట్టు కొంత మేర విప్పి, అతుకు అంచును దాని లోపలికి తోసి, మళ్ళీ రెండు వరసలు కుట్టాలి. కుట్టు విప్పడం నాకిచ్చారు. పదునైన చిన్న పనిముట్టుతో ఒక్కో పోగూ తెంపాలి, గుడ్డ పోగు ఒక్కటీ తెగకూడదు. మెడ పట్టేసింది గానీ ఆ పని నాకు ఎంతో నచ్చింది. కుట్టింది మాత్రం ఆవిడే. జీరో-పీ గుడ్డ మిషను కింద చేపలా జారిపోతుంది. సన్నటి రెండువైపుల జిగురు పట్టీతో అంచులు ఆపి, 'ఈ' సైజు నైలాన్ దారంతో కుట్టారు. ముళ్ళు చేసిన రంధ్రాల్లో దగ్గరదగ్గరగా ఉన్నవాటిని ఒకే అతుకు కిందికి తెచ్చారు.

అమ్మకు వీడియో కాల్‌లో చూపించాను. అమ్మ చేతిపని తెలిసిన మనిషి, జాకెట్లు కుట్టిన చెయ్యి.

"అతుకేసిన దాంతో దూకుతావా నాన్నా?"

కుట్టు దగ్గరగా పెట్టి చూపించమంది. చూపించాను. కాసేపు చూసి, "కుట్టు మాత్రం సమంగా పడింది, మూలల దగ్గర కూడా ఆగలేదు" అంది. అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ నాకు అక్కర్లేదు.

సంక్రాంతి వారం

లైన్ల కిట్ వచ్చింది. ఏ రకం దారం తెప్పించాలన్న దాని మీద చాలా ఆలోచించాం. డేక్రాన్ లావుగా ఉంటుంది, కాస్త సాగుతుంది, తెరుచుకునే కుదుపును మింగేస్తుంది. కానీ బ్యాగ్‌లో చోటు తింటుంది, గాలిలో ఎక్కువ ఈడ్పు ఇస్తుంది. వెక్‌ట్రాన్, హెచ్ఎంఏ అనే రకాలు వేడికి ముడుచుకోవు, ట్రిమ్ చివరిదాకా చెక్కుచెదరదు. అవి అరిగి, ముందుగా పెద్దగా హెచ్చరించకుండానే తెగుతాయి. ఎన్ని జంపులకు మార్చాలో లెక్కపెట్టుకుని మార్చేవాళ్ళకి అవి సరిపోతాయి. స్పెక్ట్రా ముడుచుకుంటుంది, పీచులు లేస్తుంది, అంటే పాతబడుతున్నానని కంటికి కనిపించేలా చెబుతుంది. నాలాంటి వారాంతపు జంపర్‌కి అదే మంచిదని స్పెక్ట్రాయే తెప్పించాను.

తొమ్మిది గదుల కానపీలో బరువు మోసే నిలువు గుడ్డలు పది. ఒక్కోదానికి ఏ, బీ, సీ, డీ అని నాలుగు తగిలింపులు. అంటే మొత్తం నలభై, వాటికి తోడు తోక దగ్గర బ్రేక్ లైన్ల కొసలు. ఏ, బీ రెండూ కొంత కిందికొచ్చాక ఒకటిగా కలుస్తాయి, సీ, డీ కూడా అంతే. కాబట్టి కిందికి వచ్చేసరికి ఒక్కో రైజర్‌కి (భుజాల పైన లైన్లు తగిలే నాలుగు పట్టీల్లో ఒక్కోదానికి) ఐదు లైన్లే మిగులుతాయి. ఒక లైన్‌ని ఇంకో లైన్ బోలు మధ్యలోకి సన్నటి తీగతో లాగి, ఆ పైన జిగ్‌జాగ్ కుట్టు వేస్తారు. బరువు పడేకొద్దీ బయటి అల్లిక లోపలి దారాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. కిట్‌లో ఇవన్నీ కొలిచి కుట్టే వస్తాయి. అయినా తగిలించే ముందు ప్రతి లైన్‌నీ మళ్ళీ కొలిచాం.

పాతది ఒకటి విప్పడం, అదే చోట కొత్తది వేయడం. అన్నీ ఒకేసారి విప్పితే ఏది ఎక్కడిదో తెలియకుండా పోతుంది. గది నంబరు, వరస పేరు పైకే చెప్పుకుంటూ వేశాం.

అటు ఇంటి దగ్గర పిల్లలు పతంగులు ఎగరేస్తున్న వీడియోలు ఫోన్‌లో వస్తుంటే, ఇక్కడ నేను అదే పని చేస్తున్నట్టు అనిపించింది. గాలిపటానికి మధ్యలో కట్టే దారం పైకొస, కిందికొస పొడవుల్లో కాస్త తేడా వస్తే అది గిరగిరా తిరుగుతుంది, లేదా లేవనే లేవదు. ఇదీ అంతే. అసలు ఈ గదుల రెక్కను కనిపెట్టిన డొమినా జాల్బర్ట్ గాలిపటాల తయారీలో పండిపోయిన మనిషి. ఆయన రెక్కకు 1966లో పేటెంట్ వచ్చింది. ఇవాళ మనం దూకే మెయిన్లన్నీ ఆ వంశానివే.

స్లైడర్ కన్నాలను కూడా చూశాం. లోహం అంచున గోరుకు తగిలేంత గీత పడినా కొత్త లైన్లను అది కోసేస్తుంది. దూది అంచు చుట్టూ తిప్పితే రెండు చోట్ల పోగులు చిక్కుకున్నాయి. స్లైడర్ కొత్తది వేశాం. బ్రైడిల్ లోపల నడిచి, మెయిన్ తెరుచుకున్నాక పైలట్ చూట్‌ని ముడిచేసే కిల్ లైన్ కూడా ముడుచుకుని ఉంది. అది పొట్టి అయితే పైలట్ చూట్ పూర్తిగా విప్పారదు, మెయిన్‌ని బ్యాగ్‌లోంచి లాగే బలం తగ్గుతుంది. అదీ మార్చాం.

చివరికి నేల మీద పరిచి, ఒక్కో లైన్‌నీ రైజర్ నుంచి గుడ్డ దాకా వేళ్ళతో పట్టుకుని వెళ్ళాను. ముందు రైజర్ నుంచి ముక్కుకి, వెనక రైజర్ నుంచి తోక వైపుకి, బ్రేక్ లైన్ వెనక రైజర్ రింగులోంచి స్లైడర్ వెనక కన్నంలోంచి తోక దాకా. నేను అయ్యాక ఆవిడ చేశారు. తర్వాత ఇంకో రిగ్గర్‌ని పిలిచి ఆయన చేత కూడా చేయించారు.

ఫిబ్రవరి

ప్యాకింగ్. జీరో-పీ గుడ్డ లోపల గాలి నిలిచిపోతుంది కాబట్టి మడత పెట్టాక దాని మీద మోకాళ్ళతో కూర్చుని నెమ్మదిగా గాలి తీయాలి. నేను రెండింటి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాను. స్లైడర్ కన్నాలు నాలుగూ పైన ఉండే ఆపుడు బిళ్ళలకు గట్టిగా ఆనాలి. స్లైడర్ నాలుగు భాగాలూ సమంగా పరుచుకుని ఉండాలి. స్లైడర్ కొంచెం కిందికి జారి ఉంటే కానపీ ఒక్క దెబ్బతో తెరుచుకుంటుంది, మెడ నరాలు గుర్తుపెట్టుకుంటాయి. పైలట్ చూట్ కిల్ లైన్ రంగు గుర్తు చిన్న కిటికీలో కనబడితేనే బ్యాగ్ మూశాను.

మొదటి టెస్ట్ జంప్ ఒంటరిగా, దూకగానే తెరిచే హాప్ అండ్ పాప్. 5,000 అడుగుల పైనే తెరవాలని అనుకున్నాం. టెన్షన్ పడ్డాను, దాచుకోవడం ఎందుకు. తెరుచుకుంది, నిటారుగా. కొత్త లైన్లు అంత తెల్లగా మెరుస్తుంటే చూడ్డానికే బాగుంది.

పైన చేయాల్సిన పరీక్షలు రాసుకుని వెళ్ళాను. టాగుల్స్ పైకి వదిలి చూస్తే బ్రేక్ లైన్లు కొంచెం వెనక్కి విల్లులా వంగి ఉన్నాయి, తోక కదలలేదు. టాగుల్స్ చేతిలో ఉండగానే ముందు రైజర్లు రెండూ లాగాను, తోక అప్పుడూ కదలలేదు. చేతులు వదిలితే నేరుగా వెళ్తోంది. సగం బ్రేకుల్లో రెండువైపులా తిరిగి చూశాను. తర్వాత టాగుల్స్ మెల్లగా పూర్తిగా కిందికి లాగి పట్టుకుంటే ఇది స్టాల్ కాలేదు. చాలా నెమ్మదించిందే గానీ వెనక్కి పడలేదు. అంటే బ్రేక్ లైన్లు నా చేతులకు కొంచెం పొడుగు. వెనక రైజర్లతో ఫ్లేర్ ఎలా ఉంటుందో కూడా పైనే చూసుకున్నాను. టాగుల్ లైన్ ఎప్పుడైనా తెగితే దిగాల్సింది వాటితోనే. 2,500 అడుగుల కిందికి వచ్చాక ఇక ప్రయోగాలు లేవు. 1,000 దగ్గర గాలివాటు దిశ, 600 దగ్గర అడ్డ మలుపు, 300 దగ్గర గాలికి ఎదురుగా చివరి దారి. ఫ్లేర్ సరిపోయింది, కానీ చివర్లో రెండు అడుగులు పరుగెత్తాల్సి వచ్చింది.

మార్చి

బ్రేక్ లైన్లు దిద్దుతున్నాం. తయారీదారు గుర్తు పెట్టిన చోటి నుంచి టాగుల్ ముడిని కొద్దికొద్దిగా పైకి జరిపి, ప్రతిసారీ అవే పరీక్షలు. ఒకేసారి రెండు అంగుళాలు జరపాలని నాకు ఉండేది. ఆవిడ అర అంగుళం కన్నా ఎక్కువకు ఒప్పుకోలేదు. జరిపి దూకడం, మళ్ళీ జరిపి దూకడం. చివరికి చేతులు పూర్తిగా కిందికి చాపి కొన్ని సెకన్లు పట్టుకుంటే స్టాల్ అయ్యే చోట నిలిచింది. ముందు రైజర్లు లాగినప్పుడు తోక ఇంకా స్వేచ్ఛగానే ఉంది. ఈ రెండూ కలిసే చోటే నా కొలత. ఇప్పుడు గాలి తక్కువ ఉన్న పొద్దుటి పూట కూడా నిలబడి దిగుతున్నాను.

ఇక్కడి గాలి గురించి ఒక మాట. ఎలోయ్ సముద్రమట్టానికి దాదాపు 1,500 అడుగుల ఎత్తులో ఉంది. వేసవిలో 40 డిగ్రీలు దాటితే గాలి పలచబడి అదే కానపీ అదే బరువుతో ఇంకా వేగంగా నేలకు వస్తుంది. మధ్యాహ్నం నేల వేడెక్కితే సుడిగాలులు లేస్తాయి. దుమ్ము పట్టినవి కంటికి కనిపిస్తాయి. తారు, గడ్డి మీదుగా వచ్చేవి కనిపించవు. నేల దగ్గర అలాంటిదాంట్లో పడితే ఏ సైజు కానపీ అయినా ముడుచుకుపోతుంది. అందుకే ఏప్రిల్ నుంచి పొద్దున లోడ్లే (విమానం ట్రిప్పులే) నావి. అమెరికాలో స్కైడైవింగ్ మరణాల్లో పెద్ద వాటా, పూర్తిగా తెరుచుకున్న, ఏ లోపమూ లేని కానపీల కిందే జరుగుతోంది. నేల దగ్గర తీసుకున్న మలుపులే ఎక్కువగా కారణం. కాబట్టి చివరి 300 అడుగుల్లో పెద్ద మలుపు తిప్పను. దారి తప్పితే దూరంగా దిగి నడిచి వస్తాను.

టెంపీ కుర్రాడు నిన్న వచ్చాడు. అతనికీ పాతది ఒకటి దొరికిందట, 170. బరువు అడిగాను. 63 కిలోలు. 139కి 25 కలిపితే 164, 170తో భాగిస్తే 0.96. సైజు సరిపోయింది. లైన్లు ఎప్పుడు మార్చారని అడిగితే, అమ్మేవాళ్ళు చెప్పలేదన్నాడు. ముందు రిగ్గర్ దగ్గరికి పంపమన్నాను. వచ్చే శనివారం కొలుస్తాం, స్ప్రింగ్ త్రాసు నేను పట్టుకుంటాను.

నా కానపీ కార్డులో కొత్త ట్రిమ్ కొలతలు, టాగుల్ ముడి స్థానం, అతుకు వేసిన గది నంబరు, స్లైడర్ మార్చిన తేదీ రాసి రిగ్గర్ సంతకం పెట్టారు. కింది బ్రేక్ లైన్లు మిగతావాటికన్నా ముందే ముడుచుకుంటాయి కాబట్టి, వేసవి అయ్యాక వాటిని మళ్ళీ కొలవాలని పక్కన పెన్సిల్‌తో రాసుకున్నాను.